ఆ అరగంట మా ఆడపిల్లలకు ఇప్పించండి

బీదర్ జిల్లా పంచాయతీ ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,



చిట్గుప్ప నుంచి రాస్తున్నాను. బడులూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలూ రెండూ మీ అజమాయిషీలోనే ఉన్నాయి. నేను చెప్పబోయేది ఆ రెండు శాఖల నడుమ పడి ఎవరిదీ కాకుండా పోతున్న సంగతి. అందుకే ఈ ఉత్తరం నేరుగా మీకు. ముట్టు వచ్చినప్పుడు ఆడపిల్లలకు వచ్చే కడుపునొప్పి గురించి ఇది. ఆ నొప్పిని తగ్గించుకోవడానికి ఒంటిని వదులు చేసుకునే వ్యాయామాలున్నాయి, ఊపిరి తీసే పద్ధతి ఉంది, నాలుగైదు తేలిక ఆసనాలున్నాయి. తాలూకాలోని ప్రతి హైస్కూల్లో, ప్రతి బాలికల హాస్టల్లో వాటిని నేర్పించమని అడుగుతున్నాను. నొప్పి వచ్చిన రోజున పిల్ల కాసేపు పడుకోవడానికి ఒక గదీ, ఒక చాపా, ఒక అరగంట సమయం ఇప్పించమని అడుగుతున్నాను.

తెలుగులో ఎందుకు రాశారని మీ కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు. కన్నడ ప్రతి కూడా దీనితోపాటే పంపుతున్నాను. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని పంచినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసింది గానీ ఇళ్లల్లో మాటలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. కన్నడం, దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు ఒకే బజారులో వినిపిస్తాయి, తండాల్లో లంబాడీ. బడిలో పాఠం ఏ భాషలో చదివినా, నడుము పట్టేసినప్పుడు పిల్ల మూలిగేది ఇంటి మాటలోనే. ఈ ఉత్తరం ఇక్కడి తెలుగు తల్లులకూ చేరాలి. చదవడం రానివాళ్లకు ఎవరైనా చదివి వినిపించాలి.

2025 అక్టోబర్ 9న మన రాష్ట్ర మంత్రివర్గం ఉద్యోగం చేసే స్త్రీలకు నెలకొక రోజు చొప్పున ఏడాదికి 12 రోజులు జీతంతో కూడిన నెలసరి సెలవును ఆమోదించింది. ప్రైవేటు సంస్థలనూ అందులో చేర్చారు. బీహార్ 1992లోనే తన ప్రభుత్వ ఉద్యోగినులకు నెలకు రెండు రోజులు ఇచ్చింది. కేరళ 2023లో విశ్వవిద్యాలయ విద్యార్థినులకు హాజరులో సడలింపు ఇచ్చింది. ఇవన్నీ మంచి నిర్ణయాలే, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే చిట్గుప్ప చుట్టుపక్కల కంది చేలో, సోయా చేలో వంగి కలుపు తీసే మనిషికి జీతం ఎక్కడిది, సెలవెక్కడిది? ఆరోజు పనికి పోతే కూలి, పోకపోతే లేదు. ఎనిమిదో తరగతి పిల్లకూ ఆ నిర్ణయం వర్తించదు. ఆమె బడి మానేస్తుంది, లేదా వచ్చి చివరి బెంచీలో తల వాల్చి కూర్చుంటుంది. ఇంకొక మాట కూడా చెప్పాలి. సెలవు దొరికిన మనిషికి కూడా ఆ రోజు నొప్పి ఉంటుంది. ఇంట్లో పడుకున్నా ఉంటుంది. ఆ గంటల్లో ఏం చేయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఆ నొప్పి నిజమైనది. దాని మూలం వైద్యులకు తెలిసి ఎంతో కాలమైంది. 1957లో బ్రిటన్‌లో పికిల్స్ అనే శాస్త్రవేత్త, ముట్టు రక్తంలో కండరాన్ని బిగుసుకునేలా చేసే పదార్థం ఒకటి ఉందని ప్రకటించాడు. అందులో ఉన్నవి ప్రోస్టాగ్లాండిన్లని తర్వాత తేలింది. నెలసరి చక్రం చివర ప్రొజెస్టరాన్ హార్మోన్ పడిపోగానే గర్భసంచి లోపలి పొర విడిపోవడం మొదలవుతుంది. అప్పుడు ఈ ప్రోస్టాగ్లాండిన్లు పుడతాయి. అవి ఎక్కువగా పుట్టినవాళ్లలో గర్భసంచి గట్టిగా, మాటిమాటికీ బిగుసుకుంటుంది. ఆ బిగింపులో రక్తనాళాలు నొక్కుకుపోతాయి, కండరానికి కాసేపు రక్తం అందదు. పొత్తికడుపులో మెలిపెట్టినట్టుండే నొప్పి అక్కడిది. అవే పదార్థాలు రక్తంలో కలిసి వాంతులు, విరేచనాలు, తలనొప్పి కూడా తెస్తాయి. అందుకే కొందరు పిల్లలు ముట్టు మొదటిరోజు అన్నం ముట్టరు. రజస్వల అయిన వెంటనే ఈ నొప్పి అంతగా ఉండదు. అండం విడుదల కావడం ఒక క్రమంలో పడ్డాక, అంటే చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది రెండేళ్ల లోపు మొదలవుతుంది. సరిగ్గా ఎనిమిది, తొమ్మిది తరగతుల వయసు. నేను ఎనిమిదో తరగతి నుంచి నేర్పమని అడగడం అందుకే.

దీనికి తోడు మరొకటి ఉంది, వ్యాయామం పనిచేసే చోటు అదే. నొప్పి వస్తుందన్న భయంతో పిల్ల ముందే బిగుసుకుంటుంది. పళ్లు బిగిస్తుంది, భుజాలు చెవులదాకా ఎత్తుకుంటుంది, తొడలు దగ్గరికి లాక్కుంటుంది, ఊపిరి పైపైన తీస్తుంది. గర్భసంచి బిగింపు మన చేతిలో లేదు. దాని చుట్టూ ఉన్న నడుము, తొడలు, పిరుదులు, పొట్ట బిగింపు మాత్రం మన చేతిలోనే ఉంది. అసలు నొప్పి మీద ఈ రెండో నొప్పి పేరుకుంటుంది. సాయంత్రానికి పిల్ల "నడుం విరిగినట్టున్నది, కాళ్లు గుంజుతున్నయి" అంటుందంటే అందులో కొంత ఈ బిగింపు వల్లే.

ఇప్పుడు మా దగ్గర ఏం జరుగుతోందో చెబుతాను. అమ్మ వాము నీళ్లో శొంఠి కషాయమో ఇస్తుంది, ఉప్పు మూట వేడిచేసి కాపడం పెడుతుంది. మంచిదే. ఆ తర్వాత మాట, "అందరికీ వచ్చేదే, ఓర్చుకో." ఓర్చుకోలేనప్పుడు తమ్ముణ్ని మెడికల్ షాపుకు పంపి గోళీ తెప్పిస్తారు. చీటీ ఉండదు. ఎంత వేసుకోవాలో, అన్నం తిన్నాక వేసుకోవాలో ముందో ఎవరూ చెప్పరు. నొప్పి గోళీల మీద నాకు కోపం లేదు. ఇబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్లు పుట్టకుండానే ఆపుతాయి, సరిగ్గా వాడితే బాగా పనిచేస్తాయి. కానీ కడుపులో పుండు ఉన్నవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మెఫెనమిక్ యాసిడ్ అరుదుగా కొందరిలో ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం తెచ్చి లోపలి అవయవాలను దెబ్బతీయవచ్చని భారత ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబర్ 30న హెచ్చరించింది. గోళీ వద్దని నేను అనడం లేదు. పదమూడేళ్ల పిల్లకు గోళీ ఒక్కటే దారిగా మిగలకూడదని అంటున్నాను.

అసలు ఈ ఉత్తరం రాయించిన భయం ఇంకొకటి. అది గర్భసంచి ఆపరేషన్.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 3.2 మందికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9, తెలంగాణలో 7.7. దేశంలో అన్నిటికన్నా పైన ఉన్నవి ఈ రెండు తెలుగు రాష్ట్రాలే. మన పక్కనున్న పాత మెదక్ జిల్లాలో అవసరం లేకుండా జరిగిన ఈ ఆపరేషన్ల గురించి డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ దంపతులు ఊళ్లు తిరిగి విచారించి 2009లోనే బయటపెట్టారు. మన ఇటుపక్క కలబురగిలో లంబాణీ, దళిత స్త్రీలు పెద్ద సంఖ్యలో ఇలాగే గర్భసంచులు పోగొట్టుకున్నారని తెలిసి 2015లో పెద్ద గొడవైంది. అటు మెదక్, ఇటు కలబురగి, నడుమ మనం. డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చి, అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

కడుపునొప్పి, తెల్లబట్ట, రక్తం ఎక్కువ పోవడం. ఈ మాటలతో ఆస్పత్రికి పోయిన ముప్పై ఏళ్ల మనిషి సంచి లేకుండా తిరిగి వచ్చేది. "పిల్లలు పుట్టిండ్రు కదా, ఇంకెందుకు, తీసేస్తే పీడ పోతది" అన్న మాటకు ఆమె దగ్గర జవాబు లేదు. ఎందుకు లేదంటే పదమూడో ఏట నుంచీ ఆ నొప్పి గురించి ఆమె నేర్చుకున్నది ఓర్చుకోవడం ఒక్కటే. ఏ గంటకు మొదలవుతుంది, ఎక్కడ మొదలవుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది, పోయిన ఏటికీ ఈ ఏటికీ తేడా ఏమిటి అని తన ఒంటిని తాను చూసుకునే అలవాటు ఎవరూ చేయలేదు. సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు వస్తాయి. కూలి చేసుకునే మనిషికి ఎముకలే ఆస్తి. పద్నాలుగో ఏట చాప మీద పడుకుని తన నొప్పిని గమనించడం నేర్చిన పిల్ల ముప్పయ్యో ఏట డాక్టరును "ఎందుకు తీయాలి, వేరే మందు లేదా" అని అడుగుతుందని నా నమ్మకం. నేను అడుగుతున్న అరగంటకు నా లెక్కలో ఉన్న విలువ ఇది.

ఇక ఆ అరగంటలో ఏముంటుందో చూడండి. నేను వైద్యురాలిని కాను. ఈ వ్యాయామాలు నేర్చుకుని, అడిగిన ఆడపిల్లలకు చూపిస్తుంటాను. అంతే.

నేల మీద జంపఖానా పరిచి, దాని మీద పిల్లను వెల్లకిలా పడుకోబెడతాం. మొదట నాడా వదులు చేసుకోమంటాం. మా ఆడవాళ్లకు నొప్పి వస్తే చున్నీనో కొంగునో నడుముకు బిగించి కట్టుకునే అలవాటుంది. నిలబడి పని చేయాలంటే అది ఆసరాగా అనిపిస్తుంది, నిజమే, కానీ ఆ కట్టుతో పొట్టలోకి ఊపిరి దిగదు. మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించాలి. ఒక చెయ్యి బొడ్డు కింద పెట్టుకోవాలి. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీస్తే ఆ చెయ్యి పైకి లేవాలి. వదిలేటప్పుడు చెయ్యి కిందికి పోవాలి. తీసినదానికన్నా వదలడం నిదానంగా జరగాలి. పదిసార్లు. మొదట్లో చాలామందికి చెయ్యి కదలదు, ఛాతీ ఒక్కటే లేస్తుంది. చేతి మీద చిన్న నోటు పుస్తకం పెట్టి "ఇది లేపు" అంటే అర్థమవుతుంది. ఇది కొత్త విద్యేమీ కాదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్లీలియా మోషర్ అనే వైద్యురాలు నూరేళ్ల కిందట తన విద్యార్థినులకు దాదాపు ఇదే నేర్పింది. బిగుతు బట్టలు వదులు చేయడం, మోకాళ్లు మడిచి పడుకోవడం, పొట్ట మీద చెయ్యి పెట్టి పైకీ కిందికీ కదిలించడం. ముట్టు అంటే జబ్బేననీ, ఆడపిల్ల చదువుకు పనికిరాదనీ వాదించే రోజుల్లో ఆమె ఆ పని చేసింది. అక్కడి పిల్లలు ఆ వ్యాయామాన్ని ఆమె పేరుతోనే పిలుచుకునేవారట.

ఊపిరి కుదుటపడ్డాక రెండో పని. ఎడ్మండ్ జాకబ్సన్ అనే వైద్యుడు షికాగోలో ఉండి రూపొందించిన పద్ధతి, 1929లో పుస్తకంగా వచ్చింది. కండరాన్ని వదులు చేయమంటే ఎవరికీ తెలియదు, ముందు బిగించి చూస్తే వదలడం తెలుస్తుంది. ఆయన కిటుకంతా ఇదే. పిల్లను కుడిచేతి పిడికిలి బిగించమంటాం, అయిదు లెక్కపెట్టేదాకా. వదలమంటాం. ఇరవై లెక్కపెట్టేదాకా ఆ చేతిలో ఏమవుతోందో గమనించమంటాం. తర్వాత ఎడమ చెయ్యి. భుజాలు చెవులవైపు ఎత్తి వదలడం. నొసలు ముడిచి వదలడం. దవడ. దవడ దగ్గర ఆగి చూస్తే చాలామంది పళ్లు కొరుక్కుంటూ ఉంటారు, తమకే తెలియదు. తర్వాత పిరుదులు, తొడలు, పిక్కలు, పాదాల వేళ్లు. పిక్కలు పట్టేసే అలవాటున్న పిల్ల అక్కడ మెల్లగా బిగిస్తే చాలు. పొట్టను అన్నిటికన్నా చివర, అతి తేలికగా. మొత్తం పదిహేను నిమిషాలు పట్టదు.

ఒక పదో తరగతి అమ్మాయి ముట్టు మొదటిరోజు ఇలా పడుకుని, తొడలు బిగించి వదిలాక కళ్లు తెరిచి, "నొప్పి ఉన్నది అక్కా, కానీ ఇంతే ఉన్నది" అని అరచెయ్యి పొత్తికడుపు మీద పెట్టి చూపించింది. అంతకుముందు నొప్పి ఎక్కడని అడిగితే ఛాతీ కింది నుంచి మోకాళ్లదాకా చెయ్యి తిప్పిన పిల్ల ఆమె. నొప్పి పోలేదు, తన చోటికి తాను చేరింది. ఈ వ్యాయామం చేయగలిగింది అంతే. అది చిన్న మేలు కాదు.

మూడోది ఆసనాలు. చేతులు, మోకాళ్ల మీద నిలబడి వీపును పైకి విల్లులా వంచి మళ్లీ కిందికి దించే మార్జాలాసనం నడుము పట్టును వదిలిస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగి, ఛాతీ కింద దిండు పెట్టుకుని వాలిపోయే బాలాసనం. వెల్లకిలా పడుకుని రెండు అరికాళ్లు కలిపి మోకాళ్లను పక్కలకు వదిలి, తొడల కింద మడత దుప్పట్లు ఆనించే సుప్త బద్ధకోణాసనం. ఈ చివరిదాన్ని, ముట్టు రోజుల్లో చేయదగిన మరికొన్నిటిని స్త్రీల కోసం ప్రత్యేకంగా క్రమపరచినవారిలో గీతా అయ్యంగార్ పేరు చెప్పుకోవాలి. మన కర్ణాటకలో కోలారు జిల్లా బెళ్లూరులో పుట్టిన బి.కె.ఎస్. అయ్యంగార్ కూతురు ఆమె. ముట్టు రోజుల్లో ఒంటిని నిలబెట్టకుండా ఆనించాలనేది ఆమె పద్ధతి, తలకిందులు ఆసనాలు వద్దనేది. యోగా దినం రోజు మైదానంలో ఎండలో నిలబెట్టి చేయించే విన్యాసాలకూ దీనికీ పోలిక లేదు. ఇక్కడ దిండ్లు, దుప్పట్లు, నిశ్శబ్దం కావాలి.

ఇవన్నీ నొప్పి వచ్చిన రోజున కొత్తగా నేర్చుకునేవి కావు. బావిలో పడ్డాక ఈత రాదు. మామూలు రోజుల్లో వారానికి మూడుసార్లయినా చేస్తుంటే ఆ రోజున ఒళ్లు తనంతట తాను మాట వింటుంది. ఇరాన్‌లో 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 18-22 ఏళ్ల 92 మంది అమ్మాయిలను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు భుజంగాసనం, మార్జాలాసనం, మత్స్యాసనం ముట్టుకు ముందు రోజుల్లో చేయించారు. చేసినవాళ్లకు నొప్పి తీవ్రత, నొప్పి ఉండే కాలం రెండూ తగ్గాయి. 2019లో కొక్రేన్ సంస్థ ఇలాంటి 12 పరిశోధనలను, 854 మంది స్త్రీల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి ముప్పావుగంట నుంచి గంటదాకా వ్యాయామం చేస్తే, నూటి కొలతలో నొప్పి పాతిక దాకా తగ్గవచ్చని తేల్చింది. ఆ పరిశోధనలు అంత గట్టివి కావని కూడా వాళ్లే రాశారు. మీ ముందు దాన్ని దాచను. అయితే ఖర్చు లేనిది, హాని దాదాపు లేనిది, పిల్ల తనంతట తాను చేసుకోగలిగినది అయినప్పుడు ఆ మాత్రం రుజువు మొదలుపెట్టడానికి చాలు. వేడికీ రుజువుంది. 2001లో అమెరికాలో పొత్తికడుపు మీద గోరువెచ్చని పట్టీ కట్టి చూస్తే ఇబుప్రోఫెన్‌తో సమానంగా నొప్పి తగ్గింది. మన అమ్మమ్మల ఉప్పు మూటను బడిలోకి తేవడానికి ఒక వేడినీళ్ల సంచీ, కెటిలూ చాలు. నీళ్లు మరిగేవి పోయకూడదు, సంచికి గుడ్డ చుట్టాలి.

వ్యాయామంతో తీరని నొప్పులూ ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడం కూడా ఈ పాఠంలోనే చెప్పాలి, లేకపోతే మేలు చేయబోయి కీడు చేసినవాళ్లమవుతాం. నెలనెలా నొప్పి పెరుగుతూ పోతున్నా, ముట్టు లేని రోజుల్లోనూ ఉంటున్నా, గంటకొక ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటి రక్తం పోతున్నా, మలమూత్రాలకు పోయినప్పుడు నొప్పి వస్తున్నా, జ్వరం లేదా దుర్వాసన ఉన్నా, గోళీ వేసుకున్నా బడికి రాలేకపోతున్నా ఆ పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ప్రపంచంలో బిడ్డలు కనే వయసు స్త్రీలలో సుమారు పదిమందిలో ఒకరికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అది బయటపడటానికి ఏళ్లు పడుతుంది. "అందరికీ వచ్చేదే" అన్న మాటే ఆ ఏళ్లను మింగేస్తుంది. రక్తం ఎక్కువ పోతే వచ్చే రక్తహీనత మాట వేరే చెప్పాలా? మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి అది ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది.

ఎవరు నేర్పుతారని మీరు అడుగుతారు. చాలా బడుల్లో వ్యాయామ టీచరు లేరు, ఉన్నచోట తరచుగా మగవారే. ప్రతి బడి నుంచి ఒక పంతులమ్మను, ప్రతి హాస్టల్ నుంచి వార్డెనమ్మను పిలిచి తాలూకా ఆస్పత్రిలో రెండు రోజులు శిక్షణ ఇప్పించండి. బీదర్ మెడికల్ కాలేజీ నుంచి ఒక ఫిజియోథెరపిస్టు, ఒక స్త్రీవైద్య నిపుణురాలు వస్తే చాలు. కిశోర వయసు పిల్లల కోసం 2014లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మన రాష్ట్రంలో స్నేహ క్లినిక్‌లు ఉన్నాయి. ఆ పని వాటి పరిధిలోదే, కొత్త పద్దు తెరవక్కర్లేదు. శుచి పథకం కింద ప్యాడ్లు పంచే రోజునే ఈ పాఠమూ పెట్టవచ్చు. ప్యాడ్ ఇచ్చి నొప్పి మాట ఎత్తకపోతే సగం పనే అయినట్టు.

భాష సంగతి తేలికే. జాకబ్సన్ పద్ధతి కళ్లు మూసుకుని ఒక గొంతు వింటూ చేసేది. పదిహేను నిమిషాల సూచనలను కన్నడంలో, ఉర్దూలో, తెలుగులో, మరాఠీలో, లంబాడీలో రికార్డు చేయించి బడులకు ఇవ్వండి. ఆ గొంతు ఇక్కడి ఆడమనిషిది కావాలి, నగరపు వ్యాఖ్యాతది వద్దు. మనకు దూరం కాని జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబర్ 15 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది అది. దళిత రైతు స్త్రీలు తమ యాసలోనే కార్యక్రమాలు చేసి ప్రసారం చేస్తున్నారు. స్టూడియోలో కూర్చుని విత్తనాల గురించి, పంటల గురించి మాట్లాడగలిగిన ఆ ఆడవాళ్లు ముట్టునొప్పి గురించి కూడా మాట్లాడగలరు. రాష్ట్రం సరిహద్దు దాటి వాళ్ల సాయం అడగడానికి మొహమాటపడకండి.

గది గురించి ఒక హెచ్చరిక. దానికి ముట్టు గది అని పేరు పెట్టకండి, బోర్డు కట్టకండి. తలనొప్పి వచ్చినా జ్వరం వచ్చినా పిల్లలు వచ్చి పడుకునే ఆరోగ్య గదిగానే ఉండాలి. లేకపోతే సిగ్గుతో ఎవరూ గడప తొక్కరు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. మన రాష్ట్రంలోనే తుమకూరు, చిత్రదుర్గ జిల్లాల్లో కాడుగొల్ల కులస్థుల పల్లెలైన హట్టుల్లో ముట్టైన స్త్రీలను ఇప్పటికీ ఊరి బయట ఉంచుతున్నారు. మా ఇళ్లల్లోనూ "బయటున్నది" అని మూలకు కూర్చోబెట్టడం పూర్తిగా పోలేదు. మంచి ఉద్దేశంతో మనం ఇచ్చే గది, పిల్లను దూరం పెట్టే మరో మూల కాకూడదు. వెళ్లాలా వద్దా అనేది పిల్ల ఇష్టం. అరగంట అయ్యాక ఆమె మళ్లీ తన బెంచీ మీదికి రావాలి, పోయిన పాఠం ఆమెకు చెప్పాలి.

"బయటున్నప్పుడు ఒళ్లు అలవకూడదు, ఎక్సర్‌సైజులేంది" అని అడిగే తల్లులకు నా మాట ఇది. అమ్మా, ఇది ఒంటిని అలిపించేది కాదు, ఒంటికి విశ్రాంతి ఇచ్చేది. మీరు ఆ రోజుల్లోనే బిందెలు మోశారు, కలుపు తీశారు, రొట్టెలు కొట్టారు. అప్పుడు ఎవరూ వద్దనలేదు. మీ బిడ్డ పావుగంట పడుకుని ఊపిరి తీసుకుంటే తప్పేముంది? రాత్రి పడుకునే ముందు ఆమె పక్కనే మీరూ చేసి చూడండి.

అయ్యా, జిల్లా అంతా ఒక్కసారే మొదలుపెట్టమని నేను అడగడం లేదు. ఈమధ్యే హుమ్నాబాద్ నుంచి విడిపోయి తాలూకా అయిన చిట్గుప్పలో ఒక్క ఏడాది నడిపించి చూడండి. పిల్లల చేత పేరు లేకుండా ఒక నోటు పుస్తకంలో నొప్పికి సున్నా నుంచి పదిలోపు అంకె వేయించండి, వ్యాయామానికి ముందొకటి, తర్వాతొకటి. హాజరు పట్టీని పోయిన ఏడాదితో పోల్చి చూడండి. ఏడాది చివర ఆ లెక్కలు మేలు చూపించకపోతే ఆపేయండి, నేను మళ్లీ రాయను. చూపిస్తే ఔరాద్, భాల్కి, బసవకల్యాణ్, హుమ్నాబాద్ తాలూకాలకూ పంపించండి.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి పంతులమ్మల శిక్షణ పూర్తయ్యేలా ఉత్తర్వు ఇవ్వండి. ఆ ఉత్తర్వు నకలును కన్నడం, ఉర్దూ, తెలుగు, మరాఠీ భాషల్లో ప్రతి బడి నోటీసు బోర్డు మీద, ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీద అంటించమనండి. చాపలూ దిండ్లూ మేం ఊళ్లోనే అడిగి తెచ్చుకుంటాం. మీరు ఇప్పించాల్సింది ఆ అరగంట.

ఇట్లు,
చిట్గుప్ప ఆడబిడ్డ ఒకరు